చూలు

మెంతులు దేనికని అడగకుండా ఉంటే పోయేది. అడగకుండా ఉంటే ఈపాటికి అరుంధతి కలకత్తా న్యూ టౌన్‌లో తన ఫ్లాటు బాల్కనీలో కూర్చుని రెండో కాఫీ తాగుతూ ఉండేది, తను చేసిన పని దాని దారిన అది ఎక్కడికో పోతూ ఉండేది, ఆమెకు తెలిసేదే కాదు. అడిగింది. వంటింట్లో వంటామె సుందరి పోపుల డబ్బాలోంచి గుప్పెడు మెంతులు తీసి, దొంగతనమనుకుంటారేమోనన్నట్టు అందరికీ కనబడేలా కాగితంలో పొట్లం కడుతూ "కాసిని మెంతులట్టుకెల్తన్నానమ్మా" అంటే, ఊరికే ఉండలేక "దేనికి సుందరీ" అంది. "అశ్వినికమ్మా. నానబెట్టి రుబ్బి రాస్తే చూలు మల్లీ మొలుస్తాదంట గదా" అని సుందరి తన నడినెత్తి మీద వేళ్ళు పెట్టి రుద్ది చూపించింది. నడినెత్తి మీద. అరుంధతి ఆ వేళ్ళ వంకే చూసింది. చూలంటే కడుపు కదా, చూలు మొలవడమేమిటి, చూలుకి మెంతులు రాయడమేమిటి అని మనసు ఒక్క క్షణం చెరువుగట్టున నిలబడ్డట్టు నిలబడి, ఆ తరవాత కాలు జారి నిలువునా లోపలికి దిగిపోయింది. జుట్టు. ఈ మనిషి కూతురి జుట్టు గురించి మాట్లాడుతోంది. పోయిన వారం కూడా జుట్టు గురించే మాట్లాడింది.

ఇప్పుడు క్యాబు వెనక సీట్లో, చీర కూడా మార్చుకోకుండా, పసుపు మరక ఉన్న కొంగుతోనే గంగ అవతల పెళ్ళికొడుకు వాళ్ళుండే సంత్రాగాఛికి బయల్దేరిన అరుంధతి ఆ పోయిన వారాన్ని మళ్ళీ మళ్ళీ విప్పి చూసుకుంటోంది, విప్పిన ప్రతిసారీ అది ఇంకాస్త కంపు కొడుతోంది. అదే వంటింటి గుమ్మం, అదే సుందరి. ఖిదిర్‌పూర్ మునిసిపల్ క్వార్టర్సు నుంచి రెండు బస్సులు మారి వచ్చే మనిషి, కలకత్తాలోనే పుట్టి పెరిగింది, మొగుడు వెంకటేశు కార్పొరేషన్‌లో వీధులూడుస్తాడు, ఒక్కతే కూతురు, ఆ కూతురికి సంబంధం కుదిరిందని చెప్పి అందరికీ రసగుల్లాలు పంచింది కూడాను. "ఎవులికీ సెప్పకండమ్మా" అని మొదలుపెట్టింది ఆ రోజు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "అశ్వినికి చూలు పడిపోనాది. జొరమొచ్చి తగ్గినాక మూడు నెల్లు బాగానే ఉన్నాది, ఇప్పుడు పడిపోనాది. ఆస్పత్రికి తీసుకెల్తే టానిక్కు రాసిచ్చినారు. పెళ్ళోరికి తెలిస్తే ఏటంటారో." ఇందులో అరుంధతి ఏం విన్నది? మూడు నెలలు విన్నది. పడిపోవడం విన్నది. ఆసుపత్రి విన్నది, పెళ్ళివారికి తెలియకూడదన్నది విన్నది. జ్వరం అన్న మాటా చెవిలో పడింది, కానీ దాన్ని బియ్యంలో మట్టిగడ్డను తీసి పారేసినట్టు తీసి అవతల పారేసింది, ఎందుకంటే అది తను వండుకుంటున్న కథలో ఇమడదు. "అయ్యో, జాగ్రత్తగా చూసుకో, బరువులు మోయనీకు" అని కూడా చెప్పింది సుందరికి. బరువులు మోయనీకు. పాపం సుందరి తల ఊపింది, జుట్టు రాలిన పిల్ల బిందె ఎత్తకూడదు కాబోలు, చదువుకున్న అమ్మగారు చెప్పింది గదా అనుకుని.

కారు ఫ్లైఓవర్ ఎక్కింది. డ్రైవరు దారి కోసం హారన్ కొడుతూ తనలో తాను ఏదో గొణుక్కుంటున్నాడు. మేరీరాణి ఫోన్ చేసింది పోయిన వారమే, సుందరి ఆ మాట చెప్పాక. పెళ్ళికొడుకు తల్లి. ఎవరో కొత్త నంబరు అని ఎత్తితే, "మేడంగారూ, నాను సంత్రాగాఛి రైలు క్వార్టర్సు నుంచి మేరీరాణిని మాటాడతన్నాను, మా ఇమ్మానుయేలుకి అశ్వినిని అనుకుంటన్నాం. పిల్ల గురించి ఎవుల్నైనా అడగాలంటే మా అమ్మగారిని అడగండి అని సుందరే మీ నంబరిచ్చినాది" అంది. సుందరే ఇచ్చింది. అక్కడ ఆగిపోతుంది అరుంధతి ప్రతిసారీ, కాలికి ముల్లు గుచ్చుకున్నట్టు అక్కడే ఆగిపోతుంది. నమ్మి నంబరిచ్చింది. తనేం చేసింది? గొంతు తగ్గించింది. గొంతు తగ్గించడంలో ఉన్న తియ్యదనం ఇంకా నాలుక మీద ఉన్నట్టే ఉంది, ఉమ్మేయాలనిపిస్తోంది. "మీరు అడిగారు కాబట్టి చెబుతున్నానమ్మా. ఆ అమ్మాయికి చూలు పడిపోయిందట. ఆసుపత్రికి కూడా తీసుకెళ్ళారు. నేను చెప్పానని అనకండి. మీరు ఆలోచించుకోండి." ఆ మాట కోసం కాస్త వెతుక్కుంది కూడా. అబార్షన్ అనలేదు, కడుపు పోయింది అనలేదు, అవి మోటుగా ఉంటాయనిపించింది. చూలు అంటే పాత మాట, పెద్ద మాట, పద్యాల్లో ఉండే మాట, ఆ మాటలో పెట్టి ఇస్తే తన చేతికి మురికి అంటదనుకుంది. అవతల మేరీరాణి "ఔనేటి" అని, "సరేనమ్మా, సెప్పడం మంచిదైనాది" అని పెట్టేసింది. తను ఫోన్ బల్ల మీద పెట్టి, ఒక మంచి కుటుంబాన్ని కాపాడినట్టు నిట్టూర్చింది. ఆ సాయంత్రం లిఫ్టులో ఎదురింటి లక్ష్మీసౌజన్య కనబడితే, లిఫ్టు కిందికి చేరేలోపల ఆమెకీ చెప్పేసింది. అది వట్టి కబురు, లిఫ్టు తలుపులు తెరుచుకోగానే గాలికి పోయే కబురు. పేరు చెప్పలేదు, మా వంటామె కూతురు అంది, అంతే. అంతేనా?

ఫ్లైఓవర్ పక్కన పెద్ద బోర్డు. ఎడమ వైపు బట్టతల మనిషి ఏడుపు మొహం, కుడి వైపు అదే మనిషి నవ్వు మొహం, నెత్తిన నల్లగా ఇంత గుబురు. మూడేళ్ళుగా చూస్తోంది ఈ బోర్డుని. కింద బంగ్లా అక్షరాలు, అవేమిటో ఎప్పుడూ పట్టించుకోలేదు. హిందీతో బండి నడిచిపోతుంటే బంగ్లా ఎందుకు అనుకుంది. ఆదివారాలు తెలుగు సంఘంలో కలకత్తాలో పుట్టిన పిల్లలకు అఆలు దిద్దించే మనిషి, అమ్మ భాష రాకపోతే సిగ్గుచేటని వాళ్ళను కసురుకునే మనిషి, మూడేళ్ళు తిండి పెట్టిన ఊరి భాషలో ఒక్క బోర్డు చదవలేదు. "దాదా, వహాఁ క్యా లిఖా హై" అని అడిగింది డ్రైవర్ని. అతను తల తిప్పకుండానే "చూల్ పొడా బంధ్, దీదీ" అన్నాడు, జుట్టు రాలడం ఆగిపోతుందట అని హిందీలో చెప్పి, తన నెత్తి మీద చెయ్యి వేసుకుని నవ్వాడు. చూల్ పొడా. పడటం కూడా వాళ్ళ భాషలో ఇంచుమించు పడటమే. తెలుగులో జుట్టు ఊడుతుంది, రాలుతుంది, పడిపోదు. ఏ తెలుగు మనిషైనా జుట్టు పడిపోయింది అంటుందా? సుందరి బంగ్లా మాటని ముక్కస్య ముక్కగా తెచ్చి తెలుగు చీర చుట్టి నిలబెట్టింది, పడిపోనాది అని. తను ఆ చీర చూసి మోసపోయింది.

మోసపోయానని అనుకోవడానికీ లేదే. డిగ్రీలో తెలుగు చెప్పిన నరసింహం మాస్టారు గుర్తొచ్చాడు, సుద్ద ముక్క చెవికి పెట్టుకుని మాటల పుట్టుక చెప్పే మనిషి. సంస్కృతంలో చూడ అంటే నెత్తి మీది సిగ, చూడామణి అందుకే, పసివాడికి పుట్టెంట్రుకలు తీయించడాన్ని చౌలం అనేది ఆ చూడలోంచే అని చెప్పేవాడు. బంగ్లా వాళ్ళ చూల్ కూడా ఆ సిగలోంచి జారిన పాయే అయ్యుంటుంది. మన చూలు అది కాదు. మన చూలు ఈ మట్టిది, చూడి ఆవులోనూ చూలాలిలోనూ తొలిచూలులోనూ ఉన్నది. ఒకటి నెత్తిన మొలిచేది, ఒకటి కడుపులో మొలిచేది. రెండూ ఒకే ఈడు పిల్లల్లా, ఒకే రంగు గౌన్లు వేసుకుని ఎదురొచ్చాయి, సరే, పొరపాటు ఎవరికైనా అవుతుంది. అవుతుందా? సుందరి మాట మొదట్లో చ పలకదు. చెప్పు అనదు, సెప్పు అంటుంది. చూడు అనదు, సూడు అంటుంది. చేప అనదు, చెయ్యి అనదు, చీపురు అనదు, మూడేళ్ళలో ఒక్కసారి అనలేదు. సుందరి నోట తెలుగు చూలు వస్తే అది సూలు అయ్యి వచ్చేది. ఆ రోజు వచ్చింది నిఖార్సైన చ, నాలుక అంగిలికి అంటి పలికిన చ. అది ఆమె తెలుగులోంచి వచ్చింది కాదని, వీధిలోంచి వచ్చిందని, ఆ ఒక్క అక్షరమే చెబుతోంది. సంఘంలో పిల్లవాడు చెప్పు బదులు సెప్పు అని రాస్తే ఎర్ర సిరాతో సున్న చుట్టే తనకి, ఆ చ వినబడలేదు. వినబడే ఉంటుంది. వినాలనుకోలేదు. చీపురు పట్టేవాళ్ళ ఇంట్లో, పెళ్ళి కాని పిల్ల, బిల్లులు కొట్టే ఉద్యోగం చేసుకుంటూ పెదవికి రంగేసుకునే పిల్ల, ఆ పిల్లకి అలాంటిది జరిగే ఉంటుందని చెవి కంటే ముందే ఎవరో లోపల తీర్పు రాసి పెట్టుకున్నారు. మన వాళ్ళలో ఎవరైనా, సౌజన్య చెల్లెలో ఎవరో ఆ మాటే అని ఉంటే, చూలేమిటి, ఏమంటున్నావు, మళ్ళీ చెప్పు అని అడిగి ఉండేది కాదూ. సుందరిని అడగలేదు. మళ్ళీ చెప్పు అన్న రెండు మాటలు ఖర్చు పెట్టలేదు.

జుట్టు అంటే ఎన్ని పేర్లు పెట్టుకున్నాం. దేవుడికిస్తే తలనీలాలు, పసివాడివైతే పుట్టెంట్రుకలు, గొర్రెకైతే బొచ్చు, అన్నంలో వస్తే వెంట్రుక, అదే ముడిస్తే సిగ. సిగ పట్టుకు కొట్టుకున్నారు అంటారు రేపల్లె వైపు తన ఊళ్ళో, ఆడవాళ్ళ దెబ్బలాటకి. తనకిప్పుడు ఎవరైనా సిగ పట్టుకుని లాగితే బాగుండనిపించింది. కారు ఆగింది, ముందు బస్సు, బస్సు వెనక అద్దం మీద ఏదో ముగ్గులాంటి రాత, మళ్ళీ కదిలింది. వద్దనుకున్నది అప్పుడే వచ్చింది, వస్తుందని తెలుసు, ఇందాకటి నుంచి తలుపు సందులోంచి తొంగి చూస్తోంది. విజయవాడలో అత్తగారిల్లు, మధ్య గది, పెళ్ళయిన మరుసటేడు. తను వెల్లకిలా పడుకుని ఉంది, దుప్పటి మీద చేతులు పెట్టుకుని, చేతుల కింద ఏమీ లేదు. హాల్లో అత్తగారు ఫోన్లో ఎవరితోనో, ఆ పైన ఇంకెవరితోనో, ఆ పైన మళ్ళీ ఇంకెవరితోనో చెబుతోంది, "మా కోడలికి తొలిచూలు నిలవలేదండీ" అని. ఒక్కొక్క ఫోనుకీ గొంతు అదే, తగ్గించిన గొంతు, మధ్యలో అదే నిట్టూర్పు. ఇంట్లో చూడి గేదె ఈచుకుపోతే పాలవాడికి చెప్పినట్టు. ఆ మాట అప్పట్నుంచీ తన చెవిలో నిద్రపోతూనే ఉంది కాబోలు, సుందరి నోట ఆ చప్పుడు వినగానే లేచి కూర్చుంది. అందుకే అలా విన్నాను, అది నా గాయం, నా తప్పు కాదు అనుకోబోయి అరుంధతి ఆగిపోయింది. బాగుంది, దీనికి కూడా ఆ పిల్లనే వాడుకుంటున్నావా, పుట్టని పిల్లని. గాయం ఉన్నదానివైతే ఫోనెత్తినప్పుడు ఆ మధ్య గది గుర్తు రావాలి. గుర్తు రాలేదు. గుర్తొచ్చింది అత్తగారి గొంతే, అది వచ్చి తన గొంతులో కూర్చుంది, చక్కగా సరిపోయింది.

వంతెన మొదలైంది. రెండు వైపులా ఇనప తాళ్ళు వీణ తీగల్లా పైకి లాగి కట్టి ఉన్నాయి, కింద గంగ మట్టిరంగులో, ఒక పడవ ఎటూ పోకుండా. అక్కడ తట్టింది ఆమెకి, ఇంత సేపూ తట్టనిది. మేరీరాణి కూడా కలకత్తాలో పుట్టి పెరిగిన మనిషే. ఆమె చెవికీ చూలు అంటే ముందు జుట్టే కదా. తను పెద్ద మాటలో పొట్లం కట్టి పంపిన విషం ఆమె దగ్గర వట్టి జుట్టుగా విప్పుకుని ఉంటే? ఔనేటి, సెప్పడం మంచిదైనాది అని ఆమె అన్నది జుట్టుకే అయ్యుంటే? ప్రాణం లేచొచ్చినట్టయింది, కిటికీ అద్దం దించింది, గాలి మొహానికి కొట్టింది. అయితే ఏ గొడవా లేదు. పెళ్ళి చెడలేదు. తన పేరు చెడలేదు. ఆ రెండో మాట అనుకున్నాక అద్దం మళ్ళీ పైకెత్తింది. ఏ మాట ముందొచ్చింది లోపల, పెళ్ళా, పేరా? అడగకు. ఇంకో సంగతి ఆలోచించు. మేరీరాణి జుట్టే అనుకుని ఉంటే, తను ఇప్పుడు వెళ్ళి అది నిజం కాదమ్మా అని చేతులు పట్టుకుంటే, ఏది నిజం కాదు అంటుంది ఆమె, అక్కడ మొదలవుతుంది అసలు తగువు. లేని అనుమానాన్ని తీసుకెళ్ళి గుమ్మంలో పెట్టినట్టవుతుంది. జుట్టనుకోకుండా ఉంటే మాత్రం, మేరీరాణి పల్లె తెలుగు కూడా తెలిసిన మనిషై ఆ మాటని ఆ మాటగానే విని ఉంటే, తను వెళ్ళకపోతే ఆ పిల్ల బతుకు ఈ నోటి మీద పోతుంది. వెళ్ళినా చెడ్డే, వెళ్ళకపోయినా చెడ్డే. దాదా, కారు తిప్పు అనడానికి నోరు తెరిచింది. వంతెన మీద తిప్పుకోడానికి చోటు లేదు. ఉంటే తిప్పించేది, అది తెలుసు ఆమెకి.

సంత్రాగాఛిలో రైలు క్వార్టర్సు యార్డు గోడ వెంబడే ఉన్నాయి. ఎక్కడో రైలు పెట్టెలు కలుపుతున్న చప్పుడు, గోడకు అవతల. మేరీరాణి గుమ్మంలోనే పీట వేసుకుని చేప తోముతోంది, మోచేతుల దాకా పొలుసు. అరుంధతి పేరు చెప్పగానే లేవబోయి, చేతులు చూసుకుని మళ్ళీ కూర్చుంది.

"రండమ్మా, ఆ కుర్సీలో కూకోండి. ఇంత దూరం ఒచ్చినారేటి, పోన్ సేస్తే సరిపోను గదా."

"ఊరికే, ఇటు పనుండి. మొన్న మీరు అశ్విని గురించి అడిగారు కదా. తరవాత మీరేమనుకున్నారో అని."

"అనుకోడానికేటున్నాది. మీరు సెప్పబట్టి తెలిసింది గానీ, సుందరి నోరిప్పదు గదా." చేపను తిప్పి రెండో వైపు తోమడం మొదలుపెట్టింది. "నిన్న మా ఇమ్మానుయేలు ఆ పిల్ల పని సేసే దుకాణానికెల్లి సూసొచ్చినాడు. తలకి గుడ్డ కట్టుకున్నాదంట. తీసి సూపించమంటే ఏడ్సినాదంట. ఉన్నది కూడా తీయించెయ్, నాను కూడా నీతో బాటు గుండు కొట్టించుకుంటాను అన్నాడంట ఈడు. ఇద్దరూ గుండ్లేసుకుని సర్చిలో నిలబడితే పెళ్ళికొడుకెవులో పెళ్ళికూతురెవులో తెలీక పాస్టరుగారు తికమకైపోతారు గదరా అని తిట్టినాను. సుందరికి తెల్దు ఇదంతా. అమ్మ దాస్తన్నాననుకుంటంది, అనుకోనీ అన్నాదంట పిల్ల."

అరుంధతి నవ్వింది. మరీ గట్టిగా నవ్వింది, పక్కింటి గుమ్మంలో ఎవరో తల బయటకు పెట్టి చూసేంత. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కొంగుతో తుడుచుకుంటే పసుపు వాసన. అంతా బాగుంది, లేచి వెళ్ళిపోవచ్చు, టీ కూడా వద్దని లేచి వెళ్ళిపోవచ్చు. లేవబోతుంటే మేరీరాణి చేతిలో కత్తి చేప మీద ఆగింది.

"ఆ రోజు మీరు ఆలోచించుకోండి అన్నారు."

"అవునమ్మా, ఏదో..."

"జుట్టుకి ఆలోసించేదేటుందా అనుకున్నాను. సదువుకున్నోల్లు జుట్టుని కూడా పెద్దగా సూస్తారు కాబోలనుకున్నాను. నేను చెప్పానని అనకండి అని కూడా అన్నారు." మేరీరాణి తలెత్తి చూసింది. ఆ చూపు అరుంధతి మొహం మీద నిలబడి, మెల్లగా కిందికి దిగి, పసుపు కొంగు దగ్గర ఆగి, మళ్ళీ మొహానికి వచ్చింది. అవతల ఇంజను కూత వేసింది. ఆ తరవాత, ఎవరి గురించో చెబుతున్నట్టు, "మా అత్త సోంపేట దగ్గర ఊల్లో సూడి గేదెల్ని కొని అమ్మీది" అంది.

సూడి. ఆ రోజు ఫోన్లో అన్నది ఏ చూలో మేరీరాణికి తెలిసిపోయింది. అరుంధతికి ఒళ్ళంతా చెవులైనట్టుంది, చెవులన్నీ కాలుతున్నాయి. తిడుతుందనుకుంది. తిడితే బాగుండుననుకుంది. మేరీరాణి కత్తి చెంబులో ముంచి కడిగి పక్కన పెట్టింది.

"ఇంకెవులితోటైనా అన్నారేటి?"

లేదు అనవచ్చు. లిఫ్టు గాలికి పోయిన కబురు, అదెవరికి గుర్తుంటుంది. "ఒకరితో" అంది అరుంధతి. "మా ఎదురింటావిడ. లక్ష్మీసౌజన్య అని, హైదరాబాదు నుంచి వచ్చారు."

"ఆవిడికి బంగ్లా ఒచ్చేటి?"

"రాదు."

"అయితే జుట్టనుకోదు" అంది మేరీరాణి. "పోన్ తియ్యండి. ఇక్కడే, నాకు ఇనబడేటట్టు."

అరుంధతి సౌజన్య నంబరు నొక్కి, స్పీకరు పెట్టింది. ఫోన్ మోగుతున్నంత సేపూ ఎత్తకుంటే బాగుండునని ఒకటి, ఎత్తాలని ఒకటి, రెండూ ఒకే గొంతులో లోపల. ఎత్తింది. "చెప్పండి అరుంధతిగారూ" అని సౌజన్య హుషారైన గొంతు ఆ చిన్న వరండా అంతా నిండింది.

"సౌజన్యా, ఆ రోజు లిఫ్టులో మా సుందరి కూతురి గురించి ఒక మాటన్నాను."

"అవును, పాపం. ఏమైంది?"

"చూల్ అంటే బంగ్లాలో జుట్టు. ఆ పిల్లకి జ్వరం వచ్చి జుట్టు రాలింది. అంతకు మించి ఏమీ లేదు, ఎప్పుడూ లేదు."

అవతల నవ్వు. "అయ్యో, మరి అట్లెందుకు చెప్పిందండీ ఆమె? వీళ్ళకి ఏం మాట్లాడుతున్నరో వీళ్ళకే తెల్వదు. తెలుగు సక్కగ రాకపోతే ఇట్లనే ఉంటది."

దారి దొరికింది. సౌజన్య తనంతట తానే తలుపు తెరిచి పట్టుకుంది, ఔను అని ఒక్క మాటంటే చాలు, ఇద్దరూ నవ్వుకుని ఫోన్ పెట్టేయవచ్చు. మేరీరాణి పొలుసు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని చూస్తోంది.

"ఆమె సరిగానే చెప్పింది సౌజన్యా" అంది అరుంధతి. "విన్నది నేను."